శ్రీశైలం దారిలో ఎర్రదీపం

“ఒరే అబ్బాయ్, ఆ ఎర్రదీపం ఏమిట్రా, కన్ను కొడుతున్నదీ?” అన్నది మా అమ్మ.

కోటప్పకొండ మీద, గుడి మెట్లకు కాస్త ఇవతల కారు నిలబెట్టి, ఇంజను ఆపకుండా దాని చప్పుడు వింటూ మురిసిపోతున్నాను నేను. ఘాటు రోడ్డు మలుపులన్నీ ఎక్కడా ఆయాసపడకుండా ఎక్కివచ్చింది గదా అని నా సంబరం. కింద నరసరావుపేట వైపు పొలాలన్నీ ఎండలో పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. పుష్యం వెళ్లి మాఘం ప్రవేశించిన కొత్త; చలిగాలి ఇంకా పూర్తిగా విడవలేదు. అంతటి హాయిలో అమ్మ ఆ మాట అనేసరికి డాష్‌బోర్డు మీదికి చూశాను. నిజమే. ఆయిలు ప్రెషరు దీపం! వెలిగీ వెలగనట్టు, సంజ వేళ మిణుగురులాగా, ఒకసారి ఎర్రబడుతున్నది, ఒకసారి ఆరిపోతున్నది.

కారున్నవారికి ఆ దీపం అర్థమేమిటో చెప్పనక్కరలేదు. లేనివారికి ఒక్క ముక్కలో చెబుతాను: మనిషికి నాడి ఎటువంటిదో ఇంజనుకు ఆ నూనె ఒత్తిడి అటువంటిది. అందులోనూ మాది నాలుగు నెలలపాటు విప్పి, అరిగినదంతా మార్చి, మళ్లీ బిగించిన ఇంజను. పురిటి నుంచి లేచిన బాలింతలాగా చూసుకోవలసిన సమయం. చటుక్కున తాళం తిప్పి ఆపేశాను.

ఇంతకీ ఆ కారు సంగతి చెప్పలేదు. అది 1968 నాటి అంబాసిడర్, మార్క్ 2. మా నాన్నగారు 1972లో ఒక డాక్టరుగారి వద్ద కొన్నారు. 1974లో అమ్మనూ, మమ్మల్నీ ఎక్కించుకుని అందులోనే శ్రీశైలం తీసుకువెళ్లారు. కొండదారిలో ఎక్కడ నీళ్లు కనబడితే అక్కడ ఆపి, రేడియేటరులో పోసి, బానెట్ ఎత్తి, రాకరు కవరు మీద రూపాయి బిళ్లను అంచుమీద నిలబెట్టేవారు. ఇంజను నడుస్తూనే ఉండేది. బిళ్ల పడేది కాదు! దారిన పోయే లారీవాళ్లు కూడా ఆగి చూసేవారు. ఆ బిళ్ల నా కళ్లలో ఈనాటికీ నిలబడే ఉంది. నాన్నగారు పోయిన తరువాత కారు పందొమ్మిదేళ్లు రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద పడుకున్నది. అమ్మకు ఇప్పుడు ఎనభై ఒకటి. మోకాళ్లు సహకరించవు. “ఆ కారులోనే ఒక్కసారి మళ్లీ మల్లన్నను చూసి వస్తానురా,” అని రెండేళ్లనుంచి అంటున్నది. అద్దె కారు మాట ఎత్తితే, “అద్దె కారులో అయితే నువ్వే వెళ్లిరా,” అనేది.

అంబాసిడర్ మన రోడ్లమీద చూడని తెలుగువాడుండడు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు దీనికి మూలం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివరనుంచి 2014 దాకా తయారైంది. మా కారు గుండెకాయ 1489 సి.సి. ఇంజను, ఇది కూడా ఇంగ్లీషు వంశమే. అక్కడివాళ్లు దీనికి బీ-సిరీస్ అని పేరు పెట్టుకున్నారు. దీని అన్నదమ్ములే ఎం.జి. అనే పరుగు కార్లలోనూ ఉండేవట. అందువల్ల ఒక మేలు జరిగింది. కారు తయారీ ఆగిపోయినా, ఈ ఇంజను తెలిసిన చేతులు లోకంలో ఇంకా మిగిలి ఉన్నాయి. అటువంటి చేతులు రెండు మా విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాయి.

ఆటోనగర్ చూడనివారు ఒకసారి చూడవలసిందే. యాత్రాస్థలం కాదు గాని, ఉదయం ఎనిమిది గంటలకు లోపల అడుగు పెడితే అదొక లోకం. ఒక వీధి అంతా లారీలకు బాడీలు కట్టే కొట్లు, చెక్కపేళ్ల వాసన. మరో వీధి అంతా టింకరింగ్. సుత్తి చప్పుళ్లతో చెవులు గింగురుమంటాయి. సందు తిరిగితే లేత్‌లు, బోరింగ్ మిషన్లు, వెల్డింగు మెరుపులు. పాత గేరు పళ్లనుంచి కొత్త లైటు అద్దాలదాకా ఏది కావాలన్నా, అడిగిన కొట్లో లేకపోతే పక్క కొట్టు కుర్రాడే పరుగెత్తి తెచ్చిపెడతాడు. నేలంతా దశాబ్దాల ఇంజనాయిలు ఇంకి నల్లగా, మెత్తగా ఉంటుంది. తెల్లపంచె కట్టుకుని పోకండి, నా అనుభవం.

మా మేస్త్రీగారికి డెబ్బై దాటాయి. లారీలు, ట్రాక్టర్లు అన్నీ కొడుకుకు వదిలేశారు. పాత అంబాసిడర్ వస్తే మాత్రం తానే ముట్టుకుంటారు. ఒక కంటికి శుక్లాలు తీయించారు. రెండోది తీయించవలసి ఉంది. “ఇదే నా ఆఖరు ఇంజనేమో మాస్టారూ,” అన్నారు మొదటిరోజు, నవ్వుతూనే. సిలిండర్లు నలభై థౌ పెంచి బోరింగ్ చేయించారు. క్రాంకు ఇరవై థౌ గ్రైండింగ్. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కొత్త బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉండవలసిన సందు సుమారు రెండు థౌలు, అంటే తలవెంట్రుక మందం కన్న తక్కువ! ఆ సందులో నూనె పొరగా నిలిచి ఇనుమును ఇనుము తాకకుండా చూస్తుంది. ప్రతి బేరింగు సందూ మైనపు దారంతో కొలిచి, మనమడి ఎక్కాల పుస్తకం వెనక పేజీలో పెన్సిలుతో వరసగా రాసుకున్నారాయన. అప్పుడు నాకది చాదస్తంగా తోచింది. ఆ పేజీ విలువ తరువాత తెలిసింది.

తొలిసారి స్టార్టు చేసిన రోజు మరచిపోలేను. ముందు ప్లగ్గులు నాలుగూ తీసేసి ఇంజనును ఉత్తినే తిప్పించారు. నూనె పైదాకా ఎక్కి ఒత్తిడి కనబడ్డాకనే ప్లగ్గులు బిగించనిచ్చారు. ఇంజను అందుకోగానే నెమ్మదిగా ఉంచుతారనుకున్నాను. కాదు! నిమిషానికి రెండువేల చుట్ల మీద, ఇరవై నిమిషాలపాటు, రయ్యిమని పెట్టారు. నా గుండె దడదడలాడింది. కొత్త క్యాంషాఫ్టు మీదికి నూనె ఎక్కువగా చిమ్మేది క్రాంకు వేగంగా తిరిగినప్పుడే నట. మొదటి నిమిషాల్లోనే నెమ్మదిగా వదిలితే క్యాం బుడిపెలు అక్కడే అరిగిపోతాయట. నేర్చుకున్నాను.

ఆ తరువాత వారం రోజులు ఊళ్లోనూ, మంగళగిరి దాకానూ తిప్పి, ఇక కొండ ఎక్కగలదో లేదో చూద్దామని అమ్మను ఎక్కించుకుని కోటప్పకొండ వచ్చాం. వచ్చిన తరువాత జరిగిందే మొదట చెప్పాను.

కొండమీదనుంచే మేస్త్రీగారికి ఫోను చేశాను. ఆయన కంగారు పడలేదు. మూడే ప్రశ్నలు అడిగారు. రేసు పెంచితే దీపం ఆరుతున్నదా? ఆరుతున్నది. లోపల టకటక కొట్టుకుంటున్నదా? లేదు. నూనె పుల్ల తీసి చూశారా? చూశాను, గీతదాకా ఉన్నది. “అయితే నెమ్మదిగా వచ్చేయండి. రైలు గేటు పడినా, మరెక్కడ ఆగవలసి వచ్చినా ఇంజను ఆపేయండి. నిలబడి నడవనివ్వద్దు. చప్పుడు మారితే మాత్రం అడుగు కూడా వేయకండి, నేనే వస్తాను,” అన్నారు. ఆ ఎనభై, తొంభై కిలోమీటర్లు ఎలా వచ్చానో నాకే తెలియదు. దారిలో గుంటూరు మిరపకాయల ఘాటు కూడా ముక్కుకు తెలియలేదు. అమ్మ మాత్రం వెనక సీట్లో నిశ్చింతగా నిద్రపోయింది.

రాత్రి మా బావ వచ్చాడు. బావకు కార్లంటే ప్రాణం. సలహాలంటే అంతకన్న ప్రాణం. “బేరింగులు వదులుగా వేశాడోయ్ ఆ ముసలాయన. ఇంజను మళ్లీ దించవలసిందే. ఒక కంటితో పని చేసేవాడికి ఇచ్చావు,” అన్నాడు. దించితే మళ్లీ రెండు నెలలు. ఎండాకాలం వచ్చేస్తుంది. అమ్మకు ఎండలో ప్రయాణం కుదరదు. ఆ తరువాత వానలు. అంటే ఏడాది. ఎనభై ఒకటి వయసులో ఏడాది వాయిదా అంటే ఏమిటో ఎవరికివారే ఊహించుకోవాలి. “పోనీ, చిక్కటి నూనె పోయించు. దీపం ఆరిపోతుంది. అత్తయ్యను తీసుకువెళ్లి వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు,” అన్నాడు బావ వెళ్తూ వెళ్తూ. నిజం ఒప్పుకోవాలి. ఈ రెండో సలహా నాకు చాలా నచ్చింది. తెల్లవారి షెడ్డుకు వెళ్లగానే మొదట చెప్పింది అదే.

మేస్త్రీగారు నా వంక చూసి, షెడ్డు ముందున్న చేతిపంపు చూపించారు. “గబగబా కొట్టండి మాస్టారూ.” కొట్టాను. ధార దబదబా పడింది. “ఇప్పుడు నెమ్మదిగా కొట్టండి.” ధార సన్నబడి, బొట్లు బొట్లుగా అయింది. “ఇంజనులో నూనె పంపూ అంతే. ఇంజను నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. వేడెక్కిన నూనె పలచబడి సందుల్లోంచి తొందరగా జారిపోతుంది. పంపు తక్కువ పోస్తున్నది, సందులు ఎక్కువ తాగుతున్నవి. అప్పుడు ఒత్తిడి పడుతుంది. చిక్కటి నూనె పోస్తే ముల్లు లేస్తుంది, నిజమే. జబ్బు మాత్రం కనబడకుండా పోతుంది. పొద్దున చల్లటి ఇంజనులో ఆ నూనె పైదాకా ఎక్కడానికి ఆలస్యమై కొత్త బేరింగులను తినేస్తుంది. జ్వరం కనబడకుండా థర్మామీటరు దాచినట్టు,” అన్నారు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పాఠకులు నన్ను మన్నించాలి. ఇక్కడినుంచి కొంచెం నూనె మరకలు అంటుతాయి.

ముందుగా దీపం నిజం చెబుతున్నదా, అబద్ధం చెబుతున్నదా అన్నది తేలాలి. ఆ దీపానికి సంబంధించిన స్విచ్చి ఇంజనుకు బిగించి ఉంటుంది. ఒత్తిడి ఏడెనిమిది పౌండ్లకు పడితే వెలిగిస్తుంది. ఆ స్విచ్చే చెడితే ఏమీ లేకపోయినా వెలుగుతుంది. దానికోసం ఇంజను దించినవాళ్లను కూడా చూశారట ఆయన. స్విచ్చి విప్పి, ఆ చోట సన్న గొట్టంతో ఒక ముల్లు గడియారం తగిలించారు. ఇంజను బాగా కాగేదాకా నడిపించారు. రెండువేల చుట్ల దగ్గర ముప్పై ఎనిమిది పౌండ్లు. ఈ ఇంజనుకు అక్కడ యాభై చుట్టుపక్కల ఉండాలి. వదిలేసి నెమ్మదించగానే ముల్లు ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఊగుతున్నది. పదిహేను ఉంటే చాలు, అదీ లేదు. దీపం నిజమే చెప్పింది. నా ముఖం వాడిపోయింది.

మేస్త్రీగారు ముల్లును చూడడం లేదు. చెవి ఒగ్గి వింటున్నారు. “ఇది ఎంత మీద నడుస్తున్నది?” అని చుట్లు లెక్కపెట్టే మీటరు తగిలించారు. నాలుగువందల యాభై! అది కూడా స్థిరంగా లేదు. గస పోస్తున్నట్టు పైకీ కిందికీ పోతున్నది. ఆయన కార్బరేటరు దగ్గరికి వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశారు. తరువాత నెమ్మదిగా అడిగారు.

“ఈ స్క్రూ ఎవరు తిప్పారు మాస్టారూ? నేను ఏడువందల యాభై మీద పెట్టి పంపాను.”

షెడ్డులో కుర్రాళ్లందరూ నావైపు చూశారు. ముప్పై రెండేళ్లు బడిలో పిల్లల్ని ఇలాంటి ప్రశ్నలు అడిగినవాణ్ని నేను. నీళ్లు నమిలాను. తిప్పింది నేనే. కోటప్పకొండ ప్రయాణానికి ముందురోజు రాత్రి, ఇంట్లో ఎవరూ చూడకుండా, నాన్నగారి రూపాయి బిళ్ల నిలబెడదామని! ఏడువందల యాభై మీద బిళ్ల నిలవలేదు. స్క్రూ అర చుట్టు, మరో అర చుట్టు తిప్పి చప్పుడు తగ్గించాను. అప్పుడు కూడా నిలవలేదనుకోండి. ఆ సంగతంతా చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. “మీ నాన్నగారు నిలబెట్టింది ముప్పై వేల మైళ్లు తిరిగి నునుపుదేలిన ఇంజను మీద. ఇది నిన్నగాక మొన్న బిగించింది. లోపల అన్నీ ఇంకా బిగుతుగానే ఉన్నాయి. రెండువేల కిలోమీటర్లు పోయాక కావాలంటే నేనే కాస్త తగ్గిస్తాను,” అన్నారు. స్క్రూ మళ్లీ సరిచేశారు. ముల్లు పదకొండుకు ఎక్కింది.

నేను లేచి చేతులు దులుపుకోబోయాను. “కూర్చోండి, అయిపోలేదు,” అన్నారు. పదకొండు చాలదు. పైగా ఇంజను ఇంకా ఊగుతూనే ఉంది. స్క్రూ తిప్పినందువల్ల నెమ్మదిస్తుంది గాని ఊగదు. ఊగిందంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తున్నది. కార్బరేటరు కొలిచి ఇచ్చిన గాలి కాక, మరో సందులోంచి లోపలికి పోయేదాన్ని ఆయన దొంగగాలి అంటారు. నూనె డబ్బా తీసుకుని, మానిఫోల్డు కీలు చుట్టూ ఒక్కొక్క బొట్టే వేస్తూ పోయారు. ఒక చోట బొట్టు పడగానే చటుక్కున లోపలికి పీల్చుకున్నది. క్షణంపాటు ఇంజను చప్పుడు మారి, కుదురుగా నడిచింది. ఆ మారిన చప్పుడు విన్నప్పుడు ఆ ముసలి ముఖంలో వచ్చిన వెలుగు చూడాలి!

కారణం తమాషా అయినది. ఈ ఇంజనులో గాలి లోపలికి పోయే గొట్టమూ, పొగ బయటికి వచ్చే గొట్టమూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటి అంచులనూ కలిపి ఒకే పెద్ద వాషరు, ఒకే నట్టు అదిమి పట్టుకుంటాయి. పొగ గొట్టం వంకర పోయిందని లేత్ షాపులో దాని ముఖం చదును చేయించారు. దాంతో దాని అంచు పలచబడింది. పక్కదాని అంచు పాత మందంలోనే ఉంది. వాషరు ఒకవైపే ఆని, రెండోవైపు గాలిలో తేలుతున్నది. ఎంత బిగించినా లాభమేముంది? మేస్త్రీగారు కొత్త వాషర్లు తెప్పించి, ఒక్కొక్కదాన్నీ పట్టెడలో పెట్టి, ఆకురాయితో సగం మేర మెట్టులాగా అరగదీశారు. గంటన్నర పట్టింది. కుర్రాడు చేస్తానంటే ఇవ్వలేదు. అవి బిగించి, కార్బరేటరు పక్కనున్న చిన్న పుల్లను వెంట్రుకవాసి పైకి నొక్కి, పెట్రోలు పాలు సరిగా ఉందో లేదో చూశారు. నొక్కగానే చప్పుడు క్షణం పెరిగి మళ్లీ మామూలు కావాలి. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ; కూలబడితే తక్కువ. సరిగానే ఉంది. ఇంజను గుడిగంట నాదంలా ఒకే శ్రుతిమీద నిలిచింది.

ముల్లు మాత్రం పన్నెండు దగ్గర ఆగిపోయింది. పైన నలభైకి మించలేదు.

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. బావ సరిగ్గా అప్పుడే దిగాడు. ముల్లు చూసి, “నేను రాత్రే చెప్పలా? బేరింగులే,” అన్నాడు, అందరికీ వినబడేలా. మేస్త్రీగారి కొడుకు ముఖం ఎర్రబడింది. పెద్దాయన ఏమీ అనలేదు. గూట్లోంచి ఎక్కాల పుస్తకం తీసి, వెనక పేజీ తిప్పి, బావ చేతికిచ్చారు. మెయిన్ బేరింగులు మూడు, కనెక్టింగ్ రాడ్లవి నాలుగు. ఏడింటికీ ఎదురుగా కొలతలు. ఒక్కటీ హద్దు దాటలేదు. “అవి తప్పయితే నా చెయ్యి తప్పు. చూడవలసింది ఇంకొకటి ఉంది. అది చూశాక మాట్లాడుకుందాం,” అన్నారు.

ఆ ఇంకొకటి రిలీఫ్ వాల్వు. ప్రెషరు కుక్కరు మీద బరువు ఎటువంటిదో ఇంజనుకు ఇది అటువంటిది. ఒత్తిడి మరీ పెరిగితే ఇది లేచి, మిగులు నూనెను కిందికి వదిలేస్తుంది. ఇంజను ఎడమవైపు వెనకగా, గుండ్రటి తలనట్టు కింద ఉంటుంది. చేత్తో తడుముకుని విప్పవలసిన చోటు. నట్టు తీస్తే స్ప్రింగు. స్ప్రింగు వెనక చిన్న గిన్నెలాంటి వాల్వు. స్ప్రింగును స్కేలు మీద పెట్టి చూశారు. సరిగ్గా మూడంగుళాలు, కుంగలేదు. వాల్వును గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి, బాగున్న కంటితో చూశారు. దాని అంచున ఆవగింజంత నీలంరంగు ముద్ద అంటుకుని ఉన్నది. గోటితో గీకితే రబ్బరులాగా సాగింది.

గాస్కెట్ పేస్టు! సంపు బిగించేటప్పుడు నూనె కారకుండా అంచులకు పూసే ముద్ద. పలచగా పూయవలసింది దిట్టంగా పూస్తే, బిగించినప్పుడు మిగిలింది లోపలికి ఉబికి, ఎండి, ఊడి, నూనెలో తిరుగుతుంది. ఆ తునక వచ్చి వాల్వుకూ దాని పీటకూ మధ్య కూచున్నది. కుక్కరు బరువు కింద మెతుకు అడ్డం పడితే ఆవిరి ఎలా పోతుందో, నూనె అలా పోతున్నది. అంతే! బావ ఎక్కాల పుస్తకాన్ని జాగ్రత్తగా గూట్లో పెట్టేశాడు.

మూలన నిలబడిన కుర్రాడు, పదిహేడేళ్లవాడు, తల వంచుకున్నాడు. సంపుకు పేస్టు పూసింది వాడే. మేస్త్రీగారు వాడివైపు చూడకుండానే, “పూసింది వాడే. చూడవలసింది నేను. ఆ రోజు సాయంత్రం కన్ను సరిగా ఆనలేదు,” అన్నారు. అంతకుమించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

వాల్వు శుభ్రం చేసి బిగించగానే ముల్లు ఇరవైకి లేచింది. నేను ఎగిరి గంతేశాను. ఇక రేపే శ్రీశైలం! ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక తునక పైకి వచ్చిందంటే, కింద మరికొన్ని ఉంటాయి. పంపు నూనె పీల్చుకునే జల్లెడకు అవి అడ్డం పడితే, ఈసారి దీపం వెలిగేసరికే ఆలస్యం అవుతుంది. అది నల్లమల మధ్యలోనే జరగవచ్చు. “మీ అమ్మగారు ఎక్కే బండి మాస్టారూ,” అన్నారు. మర్నాడు చైన్ బ్లాకుతో ఇంజనును కొంచెం పైకి లేపి సంపు దించారు. జల్లెడ మీద అటువంటి తునకలు నాలుగున్నాయి. ఫిల్టరు కోసి మడతలు విప్పి ఎండలో చూశారు. బేరింగు పొడి తళుకు ఒక్కటీ లేదు. ఆ రోజు కూలి తీసుకోలేదు. నేను బలవంతం చేస్తే, కుర్రాడి చేతికి కొత్త సంపు గాస్కెట్ ఇచ్చి, “ఈసారి వేలితో పూయి. వేలి గీతలు కనబడాలి,” అని చెప్పడంలో మునిగిపోయారు.

ఇక ప్రయాణం. ముల్లు గడియారాన్ని మేస్త్రీగారు తీసేయలేదు. గొట్టం బానెట్‌లోంచి లోపలికి లాగి, డాష్‌బోర్డు మీద టేపుతో అంటించి పంపారు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి ప్రకాశం బ్యారేజి దాటాం. ఈసారి అమ్మ వెనక సీట్లో కూర్చోనన్నది. ముందు కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ముల్లు చూసి అంకెలు చదవడం మొదలుపెట్టింది, జ్వరం చార్టు రాసే నర్సులాగా. “యాభై అయిదు.” మంగళగిరి. “యాభై అయిదే.” గుంటూరులో టీకి ఆగితే, “ఇరవై రెండు, పరవాలేదు,” అన్నది. నరసరావుపేట దాటాక ఎడమవైపు దూరాన కోటప్పకొండ కనిపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టి, ఒక కన్ను ముల్లుమీదే ఉంచింది.

వినుకొండ జాషువాగారు పుట్టిన ఊరు. ఊరిమీద నిటారుగా లేచిన ఆ కొండ ఉదయపు ఎండలో రాగి బిందెలా ఉన్నది. అక్కడినుంచి నేల రంగు మారుతుంది. వరిపొలాలు వెనకబడి కందిచేలు, రాళ్లు, తుమ్మచెట్లు వస్తాయి. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. ద్వారంలో నమస్కారం పెట్టకుండా ఇంట్లోకి పోకూడదని అమ్మ పట్టు. మోకాళ్ల సంగతి మరిచి, నా భుజం పట్టుకుని, గుడిదాకా నడిచింది.

దోర్నాల దగ్గర అడవి గేటు. రాత్రిపూట ఈ దారి మూసివేస్తారు; పగలు వరసలో నిలబడాలి. మా ముందు బస్సులు, వెనక లారీలు. ఎండ ఎక్కింది. ఇంజను కాగి ఉన్నది. నిలబడి నడుస్తున్నది. ఇదే అసలు పరీక్ష. నేను ముల్లువైపు చూడలేక గేటువైపు చూస్తున్నాను.

“పద్దెనిమిది,” అన్నది అమ్మ. కొంతసేపటికి మళ్లీ, “పద్దెనిమిదే.”

ఘాటు మీద కొత్త ఇంజనును అరవనివ్వకూడదు, మూలగనివ్వకూడదు. పెద్ద గేరులో ఈడ్చితే బేరింగులమీద బరువు పడుతుందని మేస్త్రీగారు మరీ మరీ చెప్పారు. స్టీరింగు పక్కనున్న గేరు కాడను పైకీ కిందికీ వేస్తూ, మూడులోనూ రెండులోనూ నింపాదిగా ఎక్కాను. మలుపు మలుపుకూ వెదురు పొదలు, ఎండుటాకుల వాసన, రోడ్డు పిట్టగోడల మీద కోతుల సంసారాలు. లోయలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 1974లో నాన్నగారు ఎక్కడెక్కడ ఆపారో అమ్మకు గుర్తున్నదట. “ఇదిగో ఈ మలుపులోనే నీకు వాంతి అయింది,” అన్నది. నేను నమ్మలేదు గాని కాదనలేదు.

శిఖరేశ్వరం దగ్గర ఆగాం. నంది కొమ్ముల మధ్యనుంచి గుడి శిఖరం కనబడితే పునర్జన్మ లేదంటారు. అమ్మ మెట్లెక్కలేనన్నది. కిందనే నిలబడి, “మీ నాన్న చూశారు, నేనూ ఆనాడు చూశాను, చాల్లే,” అన్నది. కారు దగ్గరికి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, కాసేపు చప్పుడు విన్నది.

“మీ నాన్న చేతిలో ఇంత గట్టిగా పలికేది కాదురా ఇది.”

“రెండువేల కిలోమీటర్లు పోతే తగ్గిస్తారటమ్మా.”

“అయితే అప్పుడు మళ్లీ వద్దాం,” అని తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. సాక్షి గణపతి దగ్గర ఆగి, మేము వచ్చినట్టు సాక్ష్యం చెప్పించుకుని, మధ్యాహ్నం హారతి వేళకు మల్లన్న ముందు నిలబడ్డాం.

తిరిగివచ్చిన మూడోరోజు నూనె మార్పించడానికి ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రీగారికి ప్రసాదం పొట్లం ఇచ్చాను. కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నారు. అమ్మ చదివిన అంకెలన్నీ చెప్పబోతే, చెయ్యెత్తి ఆపి, తిన్నగా బానెట్ ఎత్తి కార్బరేటరు మీదికి వంగారు. నేనూ వంగి చూశాను. అప్పుడు కనబడింది. ఆ స్క్రూ తలమీద, పక్క ఇనుము మీదికి పాకేలా, సన్నగా ఒక పసుపు రంగు గీత గీసి పెట్టారు. స్క్రూ ఏ మాత్రం కదిపినా గీత తెగుతుంది.

గీత తెగలేదు. “టీ చెప్పరా మాస్టారికి,” అన్నారు కుర్రాడితో.